బొమ్మ కారు అంటావా చిన్నాయనా?

మా చిన్నాయన ఇప్పుడే వచ్చి వెళ్లాడు. కడుపు మండిపోతోంది, అందుకే రాస్తున్నా.

మా తమ్ముడు పాలిటెక్నిక్ రెండో సంవత్సరం. రెండు నెలలుగా రేడియోతో నడిచే కారు సొంతంగా చేస్తున్నాడు. ఈ సాయంత్రం అది మిద్దె మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఆగకుండా పోయింది. వాడు సంబరంగా చూపిస్తే చిన్నాయన అన్న మాట: "దీనికి రెండు నెలలా? రాజ్ విహార్ కాడ అంగట్లో ఇట్లాంటి బొమ్మ కారు దొరుకుతుంది కదరా!"

దొరుకుతుంది. అది ఆగిపోతే కొన్నవాడు ఏం చేస్తాడు? మూలన పడేస్తాడు. మా వాడి బండి మొదట నత్తలా పాకింది. పాత లాప్‌టాప్ బ్యాటరీలోంచి తీసిన రెండు సెల్స్ కలిపి 7.4 వోల్టులు. మోటార్ దగ్గర మీటర్ పెడితే ఐదున్నర కూడా లేదు. మిగతాది మోటార్‌కు కరెంటు అందించే ఎల్298ఎన్ డ్రైవర్ బోర్డే వేడి చేసి తినేస్తోందని తెలుసుకోవడానికి వాడికి వారం పట్టింది. తక్కువ వోల్టేజీ తినే మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్లు ఉన్న డ్రైవర్ వేశాక బండి ఉరికింది. 3.3 వోల్టుల రేడియో మాడ్యూల్‌కు పొరపాటున 5 వోల్టులు ఇచ్చి ఒకటి కాల్చుకున్నాడు, ఆ రాత్రి అన్నం తినలేదు. రెండోది పది అడుగులు దాటితే పలికేది కాదు. దాని పవర్ పిన్నులకు కరెంటు ఎగుడుదిగుళ్లు సర్దే 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ అతికించాకే దారికొచ్చింది. ఇది చదువు కాదా?

1898లో నికోలా టెస్లా అనే శాస్త్రవేత్త న్యూయార్క్‌లో జనం ముందు రేడియోతో నడిపి చూపించింది కూడా చిన్న పడవే!

అసలు నాకు ఇంత కోపం ఎందుకో చెప్తా. నేను ఈసీఈ చదివాను. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు రోజు కూడా సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే, "నువ్వు కాల్చుకుంటావమ్మా, రికార్డ్ రాయి" అన్నారు మా సారు. నాలుగేళ్లూ రికార్డే రాశాను. చివరికి మా బ్యాచ్ నలుగురం డబ్బులేసుకుని రెడీమేడ్ ప్రాజెక్టు కొన్నాం. ఆ అంగడి నంబర్ ఇచ్చింది కూడా ఆ సారే. వైవాలో ఏ వైరు ఎక్కడికి పోతుందో మాలో ఒక్కరికీ తెలియదు. అయినా మంచి మార్కులు వేశారు. ఆ మార్కుల మెమో చూస్తే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. మా ఇంట్లో అందరూ ఆ రోజు స్వీట్లు పంచారు, చిన్నాయన కూడా. కొన్నదానికి స్వీట్లు, చేసినదానికి ఎగతాళి!

తమ్ముడు కారు విప్పేసి అట్టపెట్టెలో పెట్టేశాడు. ఎంత పిలిచినా గదిలోంచి రావడం లేదు.

చిన్నాయనా, ఇది నువ్వు చదువుతావని తెలిసే రాస్తున్నా. ఆదివారం మళ్లీ రా. వాడితో మాట్లాడు. ఆ డ్రైవర్ బోర్డు ఎందుకు మార్చాల్సి వచ్చిందో వాడిని అడుగు, వాడు చెప్పేదాకా కూర్చో.