పేపర్ చూశావా?

ఇప్పుడే బెంగళూరు విజయనగర్‌లో మెట్రో ఎక్కాను. కాడుగోడి దాకా గంట పైనే పడుతుంది. సీటు లేదు. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని ఇంకో చేత్తో టైప్ చేస్తున్నా, అచ్చుతప్పులుంటే మీరే దిద్దుకుని చదువుకోండి. ఇంటికెళ్లి తీరిగ్గా రాద్దామంటే అక్క అన్నం పెడుతుంది, అన్నం తింటే నా కోపం పోతుంది. ఈసారి పోనివ్వదలచుకోలేదు.

ఈరోజు క్లాట్, అదే నేషనల్ లా యూనివర్సిటీల ఎంట్రన్స్, దాని మాక్ టెస్టులో నాకు 85.25 వచ్చాయి, 120కి. నన్ను మొదట్నుంచీ చూస్తున్నవాళ్లకు ఆ పావు మార్కుతో సహా దాని విలువ తెలుసు. మేలో నా మొదటి మాక్ 44.5. ఆ రోజు ఇక్కడే రాశాను, మీరంతా ఏడుపు బొమ్మలు పెట్టారు. క్లాట్‌లో ఒక తప్పుకు పావు మార్కు కోస్తారు. అప్పుడు ఎడాపెడా 112 బబుల్స్ నింపి 54 తప్పు చేశాను. ఈరోజు 104 నింపితే తప్పులు 15. అంతే తేడా. ఆ తేడా రావడానికి ఐదు నెలలు పట్టింది.

మా కోచింగ్ సార్ మార్కులు చదువుతున్నారు. మా బ్యాచ్‌లో ఒకబ్బాయి పోయిన వారం 79 నుంచి ఈ వారం 94కి వచ్చాడు. పెద్ద స్కూల్లో చదివాడు, కలలు కూడా ఇంగ్లిష్‌లోనే వస్తాయనుకుంటా. సార్ "బ్రేక్‌త్రూ!" అని క్లాసు చేత చప్పట్లు కొట్టించారు. నేనూ కొట్టాను, కొట్టకపోతే కుళ్లుకున్నానంటారు. కుళ్లుకున్నాను, అది వేరే విషయం. తర్వాత నా పేరు, నా మార్కులు. చప్పట్లు లేవు. సార్ కళ్లజోడు పైకి తోసుకుని ఒక ప్రశ్న వేశారు. "ఉదయం బ్యాచ్‌లో నీకు ఫ్రెండ్స్ ఉన్నారా?"

నాకు నిజంగానే అర్థం కాలేదు. ఎవరికైనా నోట్స్ పంపాలేమో అనుకుని, ఉన్నారు సార్, ఒకమ్మాయి ఉంది అన్నాను. తొమ్మిదింటి బ్యాచ్‌కీ మూడింటి బ్యాచ్‌కీ ఒకటే పేపర్ ఇస్తారని అప్పుడు గుర్తు కూడా రాలేదు. ఆయన నవ్వి, "పేపర్ చూశావా?" అన్నారు.

నలభై తలలు వెనక్కి తిరిగాయి.

చూడలేదు సార్ అన్నాను. "సరదాకి అడిగాన్లేమ్మా" అని పక్క పేరుకు వెళ్లిపోయారు. సరదా అట. నాకు పోయిన వారం 67, ఈ వారం 85. అంటే పద్దెనిమిది పెరిగాయి. ఆ అబ్బాయికి పదిహేను పెరిగాయి. పదిహేనైతే బ్రేక్‌త్రూ, పద్దెనిమిదైతే దొంగతనం. మధ్యలో గీత ఎక్కడుందో సిలబస్‌లో ఇచ్చినట్టు లేదు.

మెజెస్టిక్ వచ్చింది. ఊరంతా ఇక్కడే ఎక్కుతుంది. ఒకావిడ సంచి నా కాలి మీద పెట్టింది, "సారీ మా" అంది. చూడండి, ముక్కూ మొహం తెలియని ఆవిడ సారీ చెప్పింది.

ఇదే సార్ మొన్న మంగళవారం గంటన్నర పాటు చెప్పిన పాఠం ఏంటో తెలుసా? నేరం రుజువయ్యేదాకా నిందితుడు నిర్దోషే, రుజువు చేయాల్సిన భారం ఆరోపించినవాడిది. 1872 నాటి ఎవిడెన్స్ యాక్ట్ పోయి 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం వచ్చినా ఈ సూత్రం మారలేదని బోర్డు మీద రాసి కింద రెండు గీతలు గీశారు. నా నోట్సులో కూడా రెండు గీతలున్నాయి. ఆ పాఠం పరీక్ష కోసం మాత్రమేనని, క్లాసులో కూర్చున్న మనుషులకు వర్తించదని మూడో గీత గీసుంటే బాగుండేది. వోలెంటై అని ఇంకో సూత్రం కూడా చెప్పారు లెండి. హానికి తానే ఒప్పుకుని వెళ్లినవాడు తర్వాత ఫిర్యాదు చేయకూడదట. లక్షా పదివేలు కట్టి చేరాం కాబట్టి బహుశా మా మీద దాన్నే వాడుతున్నారు.

ఆ లక్షా పదివేలు అక్క కట్టింది. పరీక్ష ఫీజు నాలుగు వేలు మాత్రం నాన్న పంపాడు. పట్టుబట్టి పంపాడు.

అసలు మార్కులు ఎలా పెరిగాయో చెప్తాను, ఎందుకంటే సార్ అడగలేదు. ఎలా పెరిగాయమ్మా అని ఒక్కమాట అడిగుంటే నేను ఈ పోస్టే రాసేదాన్ని కాదు.

ఈ మెట్రోలోనే పెరిగాయి. క్లాట్ 2020 నుంచి మొత్తం ప్యాసేజ్‌ల మయం. ఒక్కోటి 450 పదాలదాకా ఉంటుంది, దాని కింద ప్రశ్నల గుత్తి. ఇప్పుడు 120 ప్రశ్నలకు 120 నిమిషాలు. నిమిషానికి ఒకటి అంటే ఎంత న్యాయంగా వినిపిస్తుందో కదా, చదవడానికి పట్టే టైమ్ ఎవడి ఖాతాలోదో మాత్రం చెప్పరు. నాకు ఒక ప్యాసేజ్ చదవడానికే ఐదారు నిమిషాలు పట్టేది. ఎందుకంటే ప్రతి వాక్యాన్నీ మనసులో తెలుగులోకి మార్చుకుని, అర్థమైందని నిర్ధారించుకుని, అప్పుడు పక్క వాక్యానికి వెళ్లేదాన్ని. అలా చేస్తున్నానని నాకే తెలీదు. జులైలో ఒకరోజు హూడి స్టేషన్‌లో ప్యాసేజ్ మొదలుపెట్టి తలెత్తితే బైయప్పనహళ్లి దాటిపోయింది. అప్పుడు భయమేసింది. ఆ రోజు నుంచి స్టేషన్లే నా గడియారం. హూడిలో మొదలుపెడితే కేఆర్ పురం లోపల ప్రశ్నలతో సహా అయిపోవాలి. మొదట్లో ఒక్కసారీ కాలేదు. 2025 ఫిబ్రవరిలో గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 90 చేశారని బెంగళూరంతా తిట్టుకుంది, నేనూ తిట్టాను. కానీ పెంచిన డబ్బుకు నాకు రీడింగ్ రూమ్ వచ్చింది.

రాత్రిళ్లు అక్క కొడుకును నిద్రపుచ్చే పని నాది. వాడికి ఏడాదిన్నర. జోలపాటకు బదులు ఎడిటోరియల్ పైకి చదివి వినిపించేదాన్ని. పైకి చదువుతుంటే తెలుగులోకి మార్చే టైమ్ ఉండదు, నాలుక ముందుకు పోతూనే ఉంటుంది. రిజర్వ్ బ్యాంక్ వడ్డీ రేట్లైతే వాడు రెండో పేరాకే నిద్రపోతాడు. కావేరీ నీళ్లైతే కొంచెం కష్టం. బావ మాత్రం గుమ్మంలో నిలబడి, "చాట్‌జీపీటీ వచ్చాక ఇంక లాయర్లెందుకు?" అంటాడు. చాట్‌జీపీటీ వచ్చాక కూడా మీ కంపెనీ మిమ్మల్ని ఎందుకుంచుకుందో అడగాలని నోటిదాకా వస్తుంది. వాళ్లింట్లోనే ఉంటున్నాను కాబట్టి మింగేస్తాను.

క్లాట్‌లో లీగల్ రీజనింగ్ సెక్షన్ సంగతి ఇంకోటి. అక్కడ నా జబ్బు జాలి. ప్యాసేజ్‌లో ఇచ్చిన సూత్రం మాత్రమే వాడాలి, మన సొంత న్యాయం పనికిరాదు. నాకది ఎక్కేది కాదు. 1868 నాటి రైలాండ్స్ కేసు ఉంది కదా, మిల్లు యజమాని కాంట్రాక్టర్లతో చెరువు కట్టిస్తే ఆ నీళ్లు పాత సొరంగాల్లోంచి పక్కవాడి గనిలోకి పోయాయి. ఆయన తప్పేముంది పాపం, కట్టింది కాంట్రాక్టర్లు కదా అని ప్రతిసారీ యజమానిని వదిలేసేదాన్ని. సూత్రం చెప్పేది ప్రమాదకరమైనదాన్ని నీ స్థలంలో తెచ్చిపెట్టుకుంటే, అది తప్పించుకుపోయి చేసే నష్టం నీదేనని, నీ అజాగ్రత్త ఉన్నా లేకపోయినా. ఢిల్లీ ఓలియం గ్యాస్ లీక్ కేసులో మన సుప్రీంకోర్టు 1986లో ఇంకో మెట్టు ఎక్కి, అసలు మినహాయింపులే లేవు పొమ్మంది. అది చదివినప్పుడు 2020 మేలో విశాఖ గ్యాస్ లీక్ వీడియోలు గుర్తొచ్చాయి, రోడ్డు మీద నడుస్తూ నడుస్తూ పడిపోయిన మనుషులు. అప్పుడు దిగింది బుర్రలోకి. ఇంక యజమాని మీద జాలి రాలేదు.

తప్పుల నోట్సు కూడా పెట్టాను. మూడు గడులు. తెలీక తప్పు, సరిగ్గా చదవక తప్పు, అత్యాశ తప్పు. ఆగస్టు దాకా మూడోదే నిండిపోయేది. రెండు ఆప్షన్ల మధ్య ఊగుతూ వదిలేయలేకపోవడం. ఏడు మాక్‌లు వరుసగా 58 నుంచి 61 మధ్యే తిరిగాయి. ఆ ఏడు వారాలు సార్ నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, గమనించండి. 58 వచ్చినప్పుడు నా ఫ్రెండ్స్ ఏ బ్యాచ్‌లో ఉన్నారో ఎవరికీ పట్టలేదు.

విధానసౌధ స్టేషన్. పైన హైకోర్టు ఎర్ర భవనం ఉంటుంది, మేం కింద సొరంగంలో పోతున్నాం. ఇంతకంటే నేనేం చెప్పను.

తప్పుల సంగతంటే గుర్తొచ్చింది. 2024 డిసెంబర్ 1న జరిగిన క్లాట్‌లో ఆన్సర్ కీలోనే తప్పులున్నాయని పిల్లలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్తే, అది సుప్రీంకోర్టు దాకా పోయి 2025 మేలో తేలింది. పేపర్ తయారుచేసినవాళ్లే తమ పేపర్‌కు జవాబు తప్పు రాయొచ్చు. అది మానవ సహజం. నాలాంటి హిందూపురం పిల్ల సరిగ్గా రాస్తే మాత్రం అసహజం.

అవును, అసలు బాధ భాషదే. దాచను. నీట్ 13 భాషల్లో రాయొచ్చు, జేఈఈ మెయిన్ 13 భాషల్లో రాయొచ్చు. మన రాష్ట్రాల లా ఎంట్రన్స్ లాసెట్ తెలుగులో కూడా ఉంటుంది. క్లాట్ మాత్రం ఇంగ్లిష్ ఒక్కటే. డాక్టరుకు తెలుగు చాలు, రాకెట్ చేసేవాడికి చాలు, అన్యాయం జరిగిందని కోర్టు మెట్లెక్కే మనిషి పక్కన నిలబడేవాడికి మాత్రం చాలదు. సరే, ఇంగ్లిష్ కావాలన్నారు, నేర్చుకుంటున్నాను. నేర్చుకున్నాక నమ్మరా? నెమ్మదిగా చదివితే "మీడియం ప్రాబ్లమ్", వేగంగా చదివితే "పేపర్ చూశావా". ఇంక ఏ స్పీడులో చదవమంటారు?

ట్రినిటీలో సీటు దొరికింది. కూర్చున్నాక కోపం ఇంకా స్పష్టంగా కనిపిస్తోంది. సార్ మీద కంటే పాత కోపం ఇంకోటుంది. ఆయనేదో ఇవాళ్టి మనిషి.

నేను నెమ్మదిగా చదవడానికి అసలు కారణం తెలుగు కాదండీ. పదహారూ పదిహేడేళ్ల వయసులో రెండేళ్లు నన్ను చదవనివ్వలేదు. నవ్వకండి. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీ, పేరెందుకు, మీలో సగం మంది అలాంటిదాంట్లోనే ఉండుంటారు. పొద్దున ఐదు నుంచి రాత్రి పదిన్నర దాకా చదువే, కానీ చదవడం మాత్రం నిషేధం. ఎంపీసీ మెటీరియల్ తప్ప అచ్చయిన కాగితం ఏదీ రూంలో ఉండకూడదు. వారం వారం ర్యాంకులు, ర్యాంకు పడిపోతే సెక్షన్ మార్పు. ఇంగ్లిష్ పీరియడ్‌లో ఫిజిక్స్ లెక్కలు చేయించేవారు. తెలుగు పీరియడ్ ఊసే లేదు, మార్కులెక్కువొస్తాయని సంస్కృతం పెట్టారు. ఆ సంస్కృతం పరీక్ష కూడా తెలుగు లిపిలో రాశాం, అదో కామెడీ.

2023లో ఒక ఆదివారం అమ్మ చెనిక్కాయ ఉండలు పంపించింది. స్టీలు డబ్బాలో, పైన నూనె పీల్చుకోడానికి ఆదివారం అనుబంధం కాగితం చుట్టి. ఉండలు గంటలో అయిపోయాయి. కాగితం మిగిలింది. దాంట్లో ఒక కథ. స్టడీ అవర్‌లో మ్యాథ్స్ మెటీరియల్ కింద పెట్టుకుని చదువుతున్నాను, నూనె మరకల్లో కొన్ని అక్షరాలు బాగా కనబడతాయి, కొన్ని కనబడవు. వార్డెన్ వెనకనుంచి వచ్చి లాగేసుకున్నాడు. "పేపర్ చదువుతున్నావా? ఇది చదివితే ఐఐటీలో సీటిస్తారా?" అన్నాడు. తొమ్మిది నుంచి పదిన్నర దాకా వరండాలో నిలబెట్టారు. ఇంటికి ఫోన్ చేసి కూడా చెప్పారు, మీ అమ్మాయి దారి తప్పుతోందని. అమ్మ ఏడ్చింది. అప్పట్నుంచి ప్లాస్టిక్ కవర్లో పంపేది.

ఇప్పుడేమో క్లాట్‌లో కరెంట్ అఫైర్సే 28 నుంచి 32 ప్రశ్నలు. రోజూ పేపర్ చదవలేదా అని అడుగుతారు. రెండేళ్లు కాళ్లు కట్టేసి పడుకోబెట్టి, మూడో ఏడు పరుగు పందెంలోకి తోసి, నెమ్మదిగా పరిగెత్తితే ఎగతాళి, జోరుగా పరిగెత్తితే బండెక్కి వచ్చావా అని ఎంక్వైరీ. అప్పుడు పేపర్ చదివావని నిలబెట్టారు, ఇప్పుడు పేపర్ చూశావని నిలబెట్టారు. నా బతుకంతా ఈ ఒక్క పేపరేనా?

క్లాసు అయ్యాక నాన్న ఫోన్ చేశాడు. మోటార్ వైండింగ్ షాపులో ఉన్నాడు, వెనక మిషన్ రొద. "ఎన్నొచ్చినాయిమ్మా?" అన్నాడు. చెప్పాను. కాసేపు మిషన్ రొదే వినబడింది. తర్వాత ఆ మిషన్ ఆపేసి, "సార్ ఏమన్నాడు?" అన్నాడు. బాగా రాశావన్నాడు నాన్నా అన్నాను. వార్డెన్‌కూ సార్‌కూ లేని సిగ్గు నాకెందుకొచ్చిందో నాకు తెలీదు, సార్ తరఫున నేనే అబద్ధం చెప్పాను. అది కూడా ఆయన ఖాతాలోనే రాసుకుంటున్నా.

వచ్చే వారం నుంచి తొమ్మిదింటి బ్యాచ్‌లో రాస్తానని ఇప్పుడే సార్‌కు మెసేజ్ పెట్టాను. ముందు బెంచీలో, సార్ టేబుల్‌కు ఎదురుగా. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. నాలుగున్నరకు లేస్తే గానీ తొమ్మిదికి విజయనగర్ చేరి ఒక రౌండు రివిజన్ చేసుకోలేను, ఆ శిక్ష మళ్లీ నాకే.

కాడుగోడి వస్తోంది, దిగాలి. ఒక్క సాయం చేసిపెట్టండి. ఆ నూనె కాగితంలో కథ, ఊళ్లో ఆఖరి బావిని పూడ్చడానికి ట్రాక్టర్లు వస్తే ఒక ముసలామె బావి గట్టు మీద అడ్డంగా కూర్చుంటుంది. ఎందుకో ఎవరికీ చెప్పదు. సర్పంచ్ వచ్చి బతిమాలుతుంటాడు, అక్కడ లాగేసుకున్నాడు వార్డెన్. 2023లో వర్షాకాలం అప్పుడు వచ్చింది, ఏ పేపరో పైభాగం చిరిగిపోయి తెలీలేదు. మీలో ఎవరైనా చదివుంటే, ఆ ముసలామె ఎందుకు కూర్చుందో కామెంట్లో చెప్పండి.