అన్నం తగ్గదు, ప్రొటీన్ ఆగదు

విశాఖపట్నంలో ఇప్పుడు ఎవరు రోజుకి ఎంత ప్రొటీన్ తింటున్నారో వాళ్ల పక్కింటివాళ్లకి కూడా తెలుసు. ఒకప్పుడు పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిచేవాళ్లు షుగర్ గురించీ, అమెరికాలో ఉన్న అల్లుడి గురించీ మాట్లాడుకునేవారు. ఇప్పుడు గ్రాముల్లో మాట్లాడుకుంటున్నారు. "నిన్న ఎంత పడింది గురూ?" అని ఒకాయన అడిగితే, "నైంటీ" అని ఇంకొకాయన గర్వంగా చెబుతాడు. ఊరికి కొత్తవాళ్లు అపార్థం చేసుకోవద్దు. అది సీసా లెక్క కాదు, ప్రొటీన్ పొడి డబ్బా లెక్క.

ఈ ఉద్యమం నుంచి పుట్టిన సిద్ధాంతం ఒకటుంది. ప్రొటీన్ తింటే బరువు తగ్గుతాం, కాబట్టి ఎంత ఎక్కువ తింటే అంత ఎక్కువ తగ్గుతాం. మిగతా తిండి మాత్రం యథాతథంగా నడవాలి. దీని ప్రధాన ప్రచారకుడు మా బావ.

నిజానికి ఆయన దగ్గర శాస్త్రం లేకపోలేదు. తిన్నదాన్ని అరిగించి, ఒంటికి పట్టించుకోవడానికే శరీరం కొంత శక్తి ఖర్చు పెడుతుంది. స్థలం అమ్మితే బ్రోకరు తీసుకునే కమీషన్ లాంటిదన్నమాట. కొవ్వు మీద ఈ కమీషన్ నూటికి 0 నుంచి 3, పిండిపదార్థాల మీద 5 నుంచి 10. ప్రొటీన్ మీద ఏకంగా 20 నుంచి 30. అంటే 100 కేలరీల ప్రొటీన్ తింటే ఒంటికి మిగిలేది 70, 80 మాత్రమే. ఈ అంకె విన్న రోజు మా బావ కళ్లలో వెలుగు చూడాలి. "అంటే తినేకొద్దీ ఒంటికి నష్టమే కదా!" అని అప్పటికప్పుడు ఇంకో గుడ్డు ఒలిచాడు.

ఆ మిగిలిన 70, 80 ఎక్కడికి పోతాయని నేనడిగాను. "ఏటి బావా, నువ్వెప్పుడూ ఇంతే" అన్నాడు.

లెక్క వేద్దాం. రోజూ తినే అన్నంలోంచి 50 గ్రాముల పిండిపదార్థం తీసేసి, ఆ స్థానంలో 50 గ్రాముల ప్రొటీన్ పెట్టామనుకోండి. రెండూ 200 కేలరీలే. కమీషన్ తేడా వల్ల కలిసొచ్చేది ఓ 30, 40 కేలరీలు. టీలో రెండు చెంచాల పంచదార వేసుకుంటే సరిగ్గా అక్కడికక్కడికి చెల్లు. పోనీ కండ పెంచితే కూర్చున్నా కరిగిపోతుందంటారా? కిలో కండ విశ్రాంతిగా ఉన్నప్పుడు రోజంతా కలిపి కాల్చేది 13 కేలరీల దాకా. చెంచాడు పంచదారకి కూడా సరిపోదు. మే నెలలో ఆర్కే బీచ్‌లో కారే చెమట చూసి "మెటబాలిజం స్టార్ట్ అయింది" అనుకునేవాళ్లకి మనవి: అది సముద్రం మీది ఉక్క. గుడ్లు తిననివాళ్లకీ కారుతుంది.

ప్రొటీన్‌కి ఇంకో గొప్ప గుణం ఉంది, కడుపు నిండిన భావన ఎక్కువసేపు ఉంచుతుంది. బరువు తగ్గడంలో అసలు సాయం చాలావరకు ఇక్కడి నుంచే వస్తుంది, ఆకలి తక్కువైతే మనిషి తక్కువ తింటాడు గనక. తిండి తగ్గించిన రోజుల్లో కండ కరగకుండా కాపాడటం కూడా దాని పుణ్యమే. ఇవన్నీ కడుపు నిండితే తినడం ఆపే జాతులకి వర్తిస్తాయి. ఆకలి తీరడానికీ ఆకు మీంచి లేవడానికీ మన దగ్గర ఏనాడూ సంబంధం లేదు. డబ్బా పొడి తాగి, "కడుపు ఫుల్" అని నిట్టూర్చి, సాయంత్రం బీచ్‌లో మురీ మిక్చర్ బండి దగ్గర తేలే పెద్దమనుషులు నాకు చాలామంది తెలుసు.

ఎంవీపీ కాలనీలో బండి దగ్గర మా బావ పొద్దుటి టిఫిన్ ఒక్కసారి చూడండి. ముందు పెసరట్టు ఉప్మా. పెసలు ప్రొటీన్, ఉప్మా సంప్రదాయం, పైన కారిన నెయ్యి మర్యాద. ఆ తర్వాత ఉడికించిన గుడ్లు. పచ్చసొనలో కొవ్వుందని వేళ్లతో జాగ్రత్తగా విడదీసి బండి కింద కుక్కకి వేస్తాడు. గుడ్డులోని ప్రొటీన్లో దాదాపు సగం ఆ పచ్చసొనలోనే ఉందని కుక్కకి తెలుసు కాబోలు, ఈమధ్య నిగనిగలాడుతోంది. చివర్లో సంచీలోంచి షేకర్ తీసి గలగలా ఆడిస్తాడు. ఫిషింగ్ హార్బర్‌లో రోజూ బుట్టలకొద్దీ నెత్తళ్లు, వంజరం దిగే ఊళ్లో, వనిల్లా వాసన వేసే పొడిని నెలవారీ వాయిదాల మీద కొంటున్నాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దవాళ్లకి కిలో బరువుకి 0.83 గ్రాములు చాలంది. అంటే 65 కిలోల మనిషికి 54 గ్రాములు. 2024లో ఈ పొడుల జోలికి పోవద్దని కూడా చెప్పింది. హైదరాబాద్ వాళ్ల మాట మనం వినడమేమిటి?

2012లో అమెరికాలోని లూసియానాలో ఒక ప్రయోగం ఫలితాలు బయటికొచ్చాయి. 25 మందిని పరిశోధనా కేంద్రంలోనే ఉంచి, 8 వారాలపాటు రోజూ అవసరానికి మించి దాదాపు 950 కేలరీలు తినిపించారు. కొందరి తిండిలో ప్రొటీన్ 5 శాతం, కొందరికి 15, మిగతావాళ్లకి 25. కొవ్వు అందరికీ ఇంచుమించు సమానంగానే పేరుకుంది. ఎక్కువైన కేలరీలు ఏ వేషంలో వచ్చినా ఒళ్లు గుర్తుపట్టేసింది. కానీ తూకంలో మాత్రం 5 శాతం వాళ్లు మిగతావాళ్లు పెరిగినదాంట్లో సగమే పెరిగారు. ఎందుకంటే కొవ్వు చేరుతుండగానే వాళ్ల కండ తరిగిపోయింది. బరువు మిషన్‌కి కండా కొవ్వూ తేడా తెలీదు కదా, దాని దృష్టిలో వాళ్లే ఫస్టు.

ఇలాంటి ఫస్టు ర్యాంకు మా ఇళ్లలో కూడా ఒకరికి వస్తోంది, మా అత్తకి. ఆదివారం మటన్ ముక్కలు బావ గ్రాముల లెక్కలోకి పోతాయి, గుడ్లు మనవడి జిమ్ లెక్కలోకి. అందరూ లేచాక ఆవిడకి గిన్నెలో పులుసు మిగులుతుంది, లేదంటే చారు. వయసు మీదపడేకొద్దీ కండ దానంతటదే తరుగుతుంది, కాబట్టి ఆ ఇంట్లో ప్రొటీన్ అందరికన్నా ఎక్కువ అవసరం ఆవిడకే. కానీ ఆవిడకి స్మార్ట్ వాచీ లేదు, యాప్ లేదు, షేకర్ లేదు. లెక్కలో లేని మనిషికి లోటెలా ఉంటుంది? ఈమధ్య సింహాచలం మెట్ల దగ్గర మోకాళ్లు పట్టుకుని కూర్చుండిపోయింది. చుట్టాలు మాత్రం "ఎంత సన్నబడ్డావే!" అని మెచ్చుకుంటున్నారు.

మా బావకి అసూయ పుట్టింది. డబ్బాలకి డబ్బాలు తాగినా తనకి దిగని బరువు, తల్లికి ఏ ఖర్చూ లేకుండా ఎలా దిగిందని ఆరా తీశాడు. "ఏముందిరా, రాత్రిళ్లు కాస్త చారన్నం తిని పడుకుంటున్నా" అందావిడ. మా బావ మాట వినని మనిషేం కాదు. ఆ రాత్రి నుంచే తన భోజనం మొత్తం అయ్యాక, షేక్‌కి ముందు, చారన్నం కూడా చేర్చాడు.