లైటర్‌తో కాల్చి మెలేస్తే హెడ్‌ఫోన్ పిన్ బాగవుతుందా?

ఈ చిట్కా మీకూ ఎవరో ఒకరు పంపే ఉంటారు. హెడ్‌ఫోన్ ఒక చెవిలో వినపడకపోతే పిన్ పోయినట్టేనట. దాన్ని కత్తిరించి, వైర్ల చివరలు లైటర్‌తో కాల్చి, ఏదో ఒక కొత్త పిన్‌కి రంగు చూసి మెలేసి, సూపర్ గ్లూ చుక్క వేస్తే రెండు నిమిషాల్లో అయిపోతుందట. సోల్డరింగ్ (లోహం కరిగించి తీగలు అతకడం) అక్కర్లేదట. ఇంట్లో బాగుచేసుకోవచ్చన్న మాట నిజమే. మిగతాదంతా సందేహమే.

"ఒక చెవి మూగబోతే పిన్ పోయినట్టే." కత్తెర తీసే ముందు ఇంకో ఫోన్‌లో పెట్టి చూడండి. సాకెట్లో జేబులోని నూలు పేరుకుని పిన్ పూర్తిగా దిగకపోయినా ఇలాగే అవుతుంది. అక్కడా అదే తంతయితే, పాట పెట్టి వైరును పిన్ మొదట్లో వంచండి. శబ్దం గరగరమంటూ వచ్చి పోతుంటే తెగింది అక్కడే. చెవి దగ్గర కదిలిస్తే వస్తోందంటే మాత్రం కొత్త పిన్ వేసినా లాభం లేదు.

"కాల్చి మెలేస్తే చాలు." అసలు పేచీ ఇక్కడే. వైరు ఒలిస్తే లోపల ఎరుపు, పచ్చ, రాగి రంగుల్లో వెంట్రుకల్లాంటి పోగులు కనిపిస్తాయి. ఆ రంగు ప్లాస్టిక్ తొడుగు కాదు, తీగ మీది ఎనామిల్ పూత. అది కరెంటును పోనివ్వదు కాబట్టి పూత వదలాలన్నది కరెక్టే. కానీ మంటలో పెడితే రాగి నల్లగా మాడుతుంది, దాని మీద సోల్డర్ సరిగా అంటదు. పోగుల మధ్య ఉండే దారం నైలాన్‌దైతే కరిగి పోగులకు అతుక్కుంటుంది. మెలేస్తే పాట రాదని కాదు. నేనూ అలా చేసి ఇంట్లో గొప్ప చెప్పుకున్నాను, రెండ్రోజులకే మళ్లీ గరగర మొదలైంది. దాని బదులు సోల్డరింగ్ ఐరన్ మొన మీద తాజా సోల్డర్ బొట్టు కరిగించి, పోగుల చివర అందులో కాసేపు ముంచండి. కాస్త పొగ వస్తుంది, కిటికీ తీసి ఉంచుకోండి. పూత ఊడిపోయి చివర వెండిలా మెరిస్తే అతకడానికి సిద్ధమైనట్టే. పిన్‌కి అతికేటప్పుడు మాత్రం ఐరన్‌ను ఎక్కువసేపు ఆనించకండి, లోపలి ప్లాస్టిక్ కరుగుతుంది.

"రంగు చూసి కలిపేయండి." ఎరుపు కుడికి, పచ్చ లేదా నీలం ఎడమకి, రాగి రంగు గ్రౌండ్‌కి, అంటే రెండు చెవులకూ ఉమ్మడి తీగకి. సాధారణంగా ఇంతే, కానీ అందరూ పాటించాలని రూలేం లేదు. పూత తీసిన రెండు తీగలను 1.5 వోల్టుల సెల్‌కి క్షణం తాకించండి, హెడ్‌ఫోన్ చెవులకు పెట్టుకోకుండా. ఒక్క వైపే టిక్కుమంటే ఆ రెంటిలో ఒకటి ఆ వైపు తీగ, రెండోది గ్రౌండ్. రెండువైపులా టిక్కుమంటే ఆ రెంటిలో గ్రౌండ్ లేనట్టు. పిన్ మొన ఎడమ, మధ్య రింగు కుడి, మొదలు గ్రౌండ్. గ్రౌండ్ అతక్కపోతే తమాషాగా ఉంటుంది: గాయకుడి గొంతు మాయమై వాయిద్యాలు బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తాయి. రెండు చెవులకూ సమానంగా వెళ్లే శబ్దం ఒకదాన్నొకటి కొట్టేసుకోవడమే కారణం.

"ఏ 3.5 మి.మీ. పిన్ అయినా సరే." మైక్ ఉన్న హెడ్‌ఫోన్‌కి కుదరదు. దాని పిన్‌కి మూడు గీతలు, నాలుగు భాగాలు ఉంటాయి. ఇప్పటి ఫోన్లలో ఎక్కువగా మొన నుంచి మూడోది గ్రౌండ్, నాలుగోది మైక్. కొన్ని పాత ఫోన్లలో ఇవి తారుమారు.

సూపర్ గ్లూ ఆరితే పెళుసుగా ఉంటుంది, వైరు వంగే చోట పగులుతుంది. అక్కడ వేడి తగిలితే ముడుచుకుని బిగిసే హీట్ ష్రింక్ ట్యూబ్ వేయాలి. ఇక రెండు నిమిషాల సంగతి. ఆ ట్యూబునూ, కొత్త పిన్ తొడుగునూ సోల్డర్ చేయకముందే వైరుకి ఎక్కించుకోవాలి. మర్చిపోతే అతికిందంతా ఊడదీయాల్సిందే. నేను మూడుసార్లు ఊడదీశాను.