చావు లేని ఆటకు రూల్‌బుక్ ఎందుకు?

బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక హీరో పాత్ర తీసుకుని, పాచికలతో కథ నడిపే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్. దాని కొత్త ఎడిషన్లలో హీరోలు చావడం దాదాపు మానేశారు. ఇంతకు మించిన ఘోరం లేదని, ఎవరూ అడగకపోయినా, పాత ఎడిషన్ల తరఫున మనవి చేసుకుంటున్నాను.

పూర్వం ఒక పద్ధతంటూ ఉండేది. 1978లో అడ్వాన్స్‌డ్ అనే పేరుతో వచ్చిన రూల్‌బుక్ ప్రకారం మొదటి లెవెల్ మాంత్రికుడు నాలుగు ముఖాల పాచిక వేసి, ఎంత పడితే అన్ని హిట్ పాయింట్లతో, అంటే అంత ప్రాణంతో, బతుకు వెళ్లదీయాలి. ఒకటి పడితే ఒకటే. ఎదుటివాడి బాకు దెబ్బకూ అదే నాలుగు ముఖాల పాచిక. రోజుకు ఒక్కటే మంత్రం. అది పొద్దున్నే వాడేస్తే, సాయంత్రం దాకా ఆయన పని లాంతరు పట్టుకుని వెనకాల నడవడం. గాయమైతే మంచమెక్కాలి, రోజుకొక పాయింటు చొప్పున కోలుకోవాలి.

అందుకే అప్పటి ఆటగాళ్లకు ఒళ్లు దగ్గరుండేది. పది అడుగుల కర్రతో నేల తట్టి చూడందే అడుగు వేసేవాళ్లు కాదు. తలుపు తీసే ముందు చెవి ఆనించి వినేవాళ్లు. ఇది గమనించిన పెద్దలు 1977 నాటి రాక్షసుల పుస్తకం మాన్‌స్టర్ మాన్యువల్‌లో ఇయర్ సీకర్ అనే పురుగును పెట్టారు. అది చెక్కలో కాపురముంటుంది, ఆనించిన చెవిలో దూరి గుడ్లు పెడుతుంది, పిల్లలు పుట్టాక లోపల్నుంచి తినడం మొదలెడతాయి. జాగ్రత్తగా ఉన్నవాణ్ణి కూడా వదలకూడదన్న ఆ నిష్పక్షపాత బుద్ధి ఇప్పుడు ఎవరికుంది?

ఇప్పుడేమైందో చూడండి. 2014 ఐదో ఎడిషన్‌లో హిట్ పాయింట్లు సున్నాకొస్తే మనిషి పడిపోతాడంతే. తర్వాత తన వంతు వచ్చినప్పుడల్లా ఇరవై ముఖాల పాచిక వేస్తాడు. పది, ఆపైన పడితే ఒక గెలుపు, తగ్గితే ఒక ఓటమి. మూడు ఓటములు పూర్తయ్యేదాకా యముడు గుమ్మం బయట వెయిట్ చేయాలి. ఈలోగా అరవై అడుగుల దూరాన్నుంచి ఎవరో గాయం మాన్పే మంత్రం ఒక మాట అంటారు, వీడు లేచి కూర్చుంటాడు. రాత్రి ఎనిమిది గంటలు విశ్రాంతి తీసుకుంటే డ్రాగన్ నమిలిన గాయం కూడా తెల్లారేసరికి మాయం.

ఇక లెక్కల సంగతి. 1989 నాటి రెండో ఎడిషన్‌లో థాకో ఉండేది, అంటే కవచం అంకె సున్నా ఉన్నవాడికి దెబ్బ తగలాలంటే పాచిక మీద పడాల్సిన అంకె. కవచం ఎంత గట్టిదైతే దాని అంకె అంత చిన్నది. ఒంటి మీద ఏమీ లేనివాడికి పది, బాగా తొడుక్కున్నవాడికి సున్నా, ఇంకా బాగా తొడుక్కుంటే మైనస్. ప్లస్ వన్ డాలు దొరికిందని ఎగిరి గంతేసినవాడు ఆ ప్లస్ వన్ కోసం తన అంకెలోంచి ఒకటి తీసేసుకోవాలి. మీ థాకో 17, శత్రువు కవచం మైనస్ 2 అనుకోండి. పదిహేడులోంచి మైనస్ రెండు తీసేస్తే పంతొమ్మిది, అంతకు తక్కువ పడితే దెబ్బ తగలదు. అర్ధరాత్రి పూట ఇది తప్పుగా చేసినవాణ్ణి నలుగురి ముందు సరిదిద్దడంలో ఉన్న తృప్తి వేరు. 2000లో మూడో ఎడిషన్ వచ్చి, కవచం మంచిదైతే అంకె పెరుగుతుందని తేల్చేసింది. పాచిక వెయ్యి, కలుపు, దాటిందో లేదో చూసుకో. చూసినవాడికల్లా అర్థమైపోతే మాబోటి వాళ్లకు పెద్దరికం ఎక్కణ్ణుంచి వస్తుంది?

పాత పుస్తకాల్లో లోపాలే లేవా అని అడుగుతారు. లేవు. 1981 బేసిక్ పుస్తకంలో మనిషి వృత్తి యోధుడో, పూజారో, దొంగో కావచ్చు. ఎల్ఫ్ అనే జాతివాడి వృత్తి మాత్రం ఎల్ఫ్. మరుగుజ్జు వృత్తి మరుగుజ్జు. కెరీర్ గురించిన టెన్షనే లేదు. అడ్వాన్స్‌డ్ పుస్తకాల్లో రాక్షసులవి ముందు వచ్చాయి, మరుసటేడు హీరోలవి, దెబ్బ తగిలిందో లేదో తేల్చే పట్టికలున్నది 1979లో. ఓర్పు నేర్పడమంటే అది. ఆడపాత్రల బలానికి మగపాత్రల కంటే తక్కువ హద్దు పెట్టిన పట్టిక కూడా ఒకటుంది. దాని ప్రస్తావన వస్తే మేం కాస్త దగ్గి, మంచినీళ్లు తాగి, ఇయర్ సీకర్ దగ్గరికి వెళ్లిపోతాం.

ఏ ఆయుధం ఏ కవచం మీద ఎంత పనిచేస్తుందో చెప్పే పట్టిక కూడా ఉంది. దాన్ని నిజంగా వాడి ఆడారా అని కుర్రాళ్లు అడుగుతారు. ఇది మర్యాదస్తులు అడిగే ప్రశ్న కాదు. పట్టిక ఉంది, మేం గౌరవించాం, పేజీ తిప్పాం.

న్యాయంగా చెప్పాలంటే మూడో ఎడిషన్‌లో కుస్తీ రూల్స్ ఫర్వాలేదు. ఒకణ్ణి పట్టుకోవాలంటే ముందు వాడికి మనల్ని కొట్టే ఛాన్స్ ఇవ్వాలి, ఆ దెబ్బ తప్పించుకుని వాణ్ణి ముట్టుకోవాలి, ఆ తర్వాత బలాబలాలు తేల్చుకోవాలి. ఈలోపు మిగతావాళ్లు ఒక కునుకు తీయొచ్చు. 2008 నాటి నాలుగో ఎడిషన్ వీడియో గేమ్‌లా ఉందని అందరూ అన్నారు, మేమూ అన్నాం. చదవాల్సిన అవసరం రాలేదు.

మా వాదనకు అడ్డొచ్చేది ఒక్కటే. 1974లో ఈ ఆటను పుట్టించిన గైగాక్స్, ఆర్నెసన్ తెచ్చిన మొట్టమొదటి పెట్టెలో మూడు చిన్న పుస్తకాలున్నాయి. మూడోదాని చివర్న, ఎలా ఉంటే బాగుంటుందనుకుంటే అలాగే మార్చుకోండి, మీ ఊహలు కూడా మేమే ఊహించి పెట్టాలా అన్న అర్థం వచ్చే మాటలు రాశారు. మూలపురుషులు అలసటలో రాసి ఉంటారు. ప్రక్షిప్తమని కూడా అనొచ్చు.

2024లో మరో సవరణ వచ్చింది. దాన్ని ఆరో ఎడిషన్ అనకూడదట. పాత్రల జాతిని చెప్పే రేస్ అనే మాట తీసేసి స్పీషీస్ అన్నారు, మంత్రాలు సర్దారు. అప్పట్నుంచి 2014 వాళ్లు కొందరు మా గుమ్మం దగ్గర తచ్చాడుతున్నారు. మా కాలంలో ఇలా ఉండేది కాదండీ, అసలైన ఆట మాదే, ఇప్పటివాళ్లకు అన్నీ సులువైపోయాయి అని కళ్లొత్తుకుంటున్నారు. ఉచ్చారణ అక్షరాలా మాదే. లోపలికి రమ్మన్నాం. కాకపోతే వాళ్లు 3.5 వాళ్ల, అంటే మూడో ఎడిషన్‌ను సవరించిన రూల్స్‌తో ఆడేవాళ్ల, వెనక కూర్చోవాలి. 3.5 వాళ్ల దరఖాస్తు ఇంకా పరిశీలనలో ఉంది.