పాము ఎదురైతే పెనాల్టీ లేదు

నెల్లూరు జిల్లాలో ఆటలకు కొరత ఉందని నేనెప్పుడూ అనుకోలేదు. ఎన్నికలు ఉన్నాయి, రొయ్యల ధర ఉంది, తుపాను హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ పెన్న గట్టు మీద నిలబడి నీళ్లు ఎంతవరకు వస్తాయో తేల్చే పెద్దమనుషులు ఉన్నారు. అయినా మా మేనల్లుడికి లోటు కనిపించింది. కాలిఫోర్నియా నుంచి దీపావళికి వస్తూ ఆ లోటు తీర్చే సరంజామా పెట్టెలో సర్దుకుని వచ్చాడు. అందులో మాకోసం తెచ్చిన బాదంపప్పు రెండు పొట్లాలు, మిగిలినదంతా ప్లాస్టిక్ పళ్లేలు.

ఆట పేరు డిస్క్ గోల్ఫ్. గోల్ఫులో బంతిని కర్రతో కొట్టి గుంటలో వేస్తారు. ఇందులో పళ్లేన్ని చేత్తో విసిరి, గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో పడేయాలి. ఎంత తక్కువ విసుర్లలో పడితే అంత గొప్ప. ఈ ఆటకు పితామహుడు ఎడ్ హెడ్రిక్ అనే అమెరికా పెద్దాయన. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత మైదానం వేయించాడు, తర్వాత గొలుసుల బుట్టకు పేటెంటు తెచ్చుకున్నాడు. 2002లో ఆయన పోయినప్పుడు, ఆయన కోరిక ప్రకారమే, చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి పళ్లేలు పోయించారు. మనం పెన్నలో కలిసి సముద్రానికి పోతాం. ఆయన ఇప్పటికీ ఎక్కడో ఏ పొదలోనో పడుతూ లేస్తూ ఉండి ఉంటాడు. భక్తి అంటే అదీ.

మేనల్లుడు మైదానంగా ఎంచుకున్నది పొదలకూరు దగ్గర మా నిమ్మతోట. పేరులోనే పొదలున్న ఊళ్లో పళ్లెం విసిరే ఆట ఆడవచ్చునా అన్న సందేహం నాకు వచ్చింది. కానీ మేనమామ మాటకు విలువ మేనల్లుడి పెళ్లి దాకానే. పైగా వాడు వచ్చిన కాలం చూడండి. దీపావళి వెళ్లిన నాలుగో రోజు నాగుల చవితి. తోట గట్టు మీద మా ఇంటావిడ పూజ చేసే పుట్ట ఉంది. బుట్ట పాతడానికి అంత మంచి చోటు మరొకటి లేదట. మధ్యలో అడ్డంకులుంటేనే ఆట రక్తి కడుతుందట.

చవితి నాడు ఆడవాళ్లు పుట్టలో పాలు పోసి, చలిమిడి, చిమ్మిలి పెట్టి, పసుపు కుంకుమలు చల్లి మొక్కుకున్నారు. ఆ మొక్కులోని మాటలు జాగ్రత్తగా వింటే ఎంత ముందుచూపు ఉందో తెలుస్తుంది. పొరపాటున పడగ మీద కాలు పడినా పగ పట్టవద్దని, నడుము మీద పడినా మనవాడే అనుకొమ్మని, తోక మీద పడితే తప్పుకుని పొమ్మని పామునే వేడుకుంటారు. తప్పుకోవలసిన బాధ్యత మొత్తం పాము మీద పెట్టి, చేతులు కడుక్కుని, కొబ్బరిచెక్క తీసుకుని ఇంటికి వస్తారు. పాము పాలు తాగదని ఎంతమంది చెప్పినా పోయడం ఆగలేదు. ఆ సంగతి పాముకు తెలుసు, పాలవాడికి ఇంకా బాగా తెలుసు.

మరునాడు ఉదయం ఆట మొదలైంది. గొలుసులు గలగలలాడినప్పుడల్లా కట్టుకొయ్య దగ్గర గేదె తలెత్తి, తన గొలుసు ఉందో లేదో చూసుకుంది. నాలుగో విసురుకు పళ్లెం గాలికి వంకర తిరిగి, పుట్ట పక్కన ఉన్న సర్కారు తుమ్మ కంపలో పడింది. మేనల్లుడు అక్కడి నుంచే గొంతెత్తి అరిచాడు: "మామయ్యా! కోబ్రా పొదలో ఉంది!"

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఈ పళ్లేలకు పేర్లుంటాయి. ఒకటి వైపర్, ఒకటి మాంబా, ఒకటి సైడ్‌వైండర్. పొదలో పడినది కోబ్రా. పాములు తిరిగే చోట ఆడే ఆటకు పాముల పేర్లు పెట్టిన తెలివిని నేను తప్పుపట్టను. కానీ నిమ్మకాయలు కోస్తున్న పదకొండు మంది ఆడవాళ్లకు ఈ సంగతి ఎవరు చెప్పాలి? బుట్టలు అక్కడే పడ్డాయి, కాయలు దొర్లాయి, మనుషులు గట్టెక్కారు. నిన్న "తండ్రీ, చల్లగా చూడు" అన్న గొంతులే ఇవాళ "కర్ర తెండి, కర్ర తెండి" అన్నాయి. పాపం, పాము అప్పటికి ఇంకా రంగంలోకే రాలేదు.

మేనల్లుడు మాత్రం నింపాదిగా గడియారం చూసుకున్నాడు. పోయిన పళ్లేన్ని వెతకడానికి నిబంధనల ప్రకారం మూడు నిమిషాలే గడువు. దొరకకపోతే ఒక విసురు పెనాల్టీ. మూడు నిమిషాలు! మా జిల్లాలో సర్కారు తుమ్మ కంపలోకి చెయ్యి పెట్టినవాడికి చొక్కా విడిపించుకోవడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది.

అప్పుడు వచ్చాడు తోట కాపలా పెద్దాయన. పరుగెత్తలేదు. చేతికర్రతో నేల మీద దబదబా కొట్టుకుంటూ, ఆగుతూ, మళ్లీ కొడుతూ వచ్చాడు. పాముకు బయటికి కనిపించే చెవులు లేవు, నేల అదురు మాత్రం ఒంటికి తెలుస్తుంది. ఈ శాస్త్రం పెద్దాయన చదువుకోలేదు, కాళ్లతో నేర్చుకున్నాడు. కంప దగ్గర నాలుగు దెబ్బలు కొట్టి నిలబడ్డాడు. ఆరడుగుల జెర్రిపోతు ఒకటి, విసుగ్గా, మీటింగు మధ్యలో లేచిపోయే అధికారిలా బయటికి వచ్చి వరిమడి వైపు వెళ్లిపోయింది.

"జెర్రిపోతే అయ్యా, ఎలుకల కోసం వచ్చింది" అన్నాడు పెద్దాయన.

గట్టు మీది సభ ఒప్పుకోలేదు. ఒకరు నాగుపామే అన్నారు. పడగ లేదు కదా అంటే, దాచుకుంది అన్నారు. జెర్రిపోతు నాగుపాముతో జత కడుతుందని, తోకతో కొడితే ఒళ్లు ఎండిపోతుందని, రెండూ అబద్ధాలే అయినా, రెండూ ప్రమాణం చేసి చెప్పారు. పళ్లెం తగిలింది కాబట్టి పగ పట్టి తీరుతుందని ఒకావిడ తేల్చింది. పగ పట్టినా వీసా దొరకాలి కదా అని నేను ధైర్యం చెప్పాను. ఈ చర్చ ముగిసేసరికి మూడు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. మేనల్లుడు కాగితం మీద పెనాల్టీ రాసుకున్నాడు.

కానీ నిబంధనల పుస్తకం అంత కఠినమైనది కాదు. పళ్లెం పడిన చోట ప్రమాదకరమైన పురుగో జంతువో ఉంటే, ఆటగాడు బుట్టకు దూరంగా, అదే వరుసలో వెనక్కి జరిగి విసరవచ్చు. దానికి పెనాల్టీ లేదు. అమెరికాలో దీనికి పని బాగా తగులుతుంది, ఎందుకంటే అక్కడి మైదానాల్లో రాటిల్‌స్నేక్ అనే మర్యాదస్థుడున్నాడు. తోక చివర గిలక్కాయ ఆడించి, "నేనిక్కడ ఉన్నాను, మీరు వెనక్కి జరగండి" అంటాడు.

మన పాములకు ఆ మర్యాద సమానంగా అబ్బలేదు. నాగుపాము పడగ విప్పుతుంది, అది ఒప్పుకోవాలి. రక్తపింజరి కుక్కర్ కూతలాగా బుసకొడుతుంది. చిన్నపింజరి పొలుసులు ఒకదానికొకటి రాపాడించి రంపం శబ్దం చేస్తుంది. కట్లపాము మాత్రం ఏ కబురూ పెట్టదు. రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ల పక్కకు చేరుతుంది, కరిస్తే చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, రెప్పలు వాలిపోతాయి, అప్పటికి ఆలస్యమవుతుంది. ఈ కట్లపాము జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు బుంగారస్. అది మన "బంగారు" మాటే. ఇంగ్లీషు కంపెనీ కొలువులో ఉన్న పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు కోరమాండల్ తీరం పాములను పోగుచేసి, 1796లో అచ్చువేసిన పుస్తకంలో మనవాళ్లు చెప్పిన పేర్లే రాసుకున్నాడు. ఇప్పుడు ఇంగ్లీషులో ఆయన పేరుతోనే పిలుస్తున్న రక్తపింజరి ఆ పుస్తకంలో "కాటుక రేకుల పొడ". ఎంత అందమైన పేరు! మనం చూసి, భయపడి, పేరు పెట్టాం. ఆయన రాసుకున్నాడు, పాముకు ఆయన పేరు పడింది. బంగారం మాత్రం మనకే మిగిలింది. కట్లపాముగానూ, నగల కొట్లో ధరగానూ అది మనకు రాత్రి నిద్ర పట్టనివ్వదు.

నాకు ఆ నిబంధన తెగ నచ్చింది. మొక్కులో పామును తప్పుకొమ్మన్నాం, పుస్తకంలో మనిషిని తప్పుకొమ్మన్నారు. రెండోదే న్యాయంగా తోచి, దానిని మా జిల్లా వ్యవసాయానికి వర్తింపజేయవచ్చునేమో పరిశీలించాను. నారుమడికి నీళ్లు పెట్టడానికి రాత్రి రెండు గంటలకు కౌలు రైతు వెళ్తాడు. గట్టు మీద పాము కనిపిస్తుంది. నిబంధన ప్రకారం వరుసగా వెనక్కి జరుగుతాడు. ఎంత దూరం? ఇంటి దాకా. ఈలోగా నీళ్లు పక్క మడికి పోతాయి, పక్క మడివాడు పాముకు కృతజ్ఞత చెప్పుకుంటాడు, కౌలు మాత్రం బస్తాల లెక్కన ఇచ్చుకోవలసిందే. పెనాల్టీ లేదన్న మాట కౌలు కాగితంలో ఎక్కడా లేదు. కౌలుకు కాగితమే లేదనుకోండి, అది వేరే సంగతి. నిమ్మకాయలు కోసే ఆడవాళ్లు ఈ చెట్టు కింద పాముంది, రేపు కోస్తాం అంటే, రేపటి కూలి పాము ఇస్తుందా?

2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోయారని పరిశోధకులు లెక్కగట్టారు. ఎక్కువమంది పల్లెలవాళ్లే, ఎక్కువ కాలం వానాకాలమే. 2030 నాటికి ఈ చావులను సగానికి తగ్గించాలని 2024లో కేంద్ర ప్రభుత్వం జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. మిగిలిన సగం పాముల కోటాలో ఉంచినట్లున్నారు. విరుగుడు మందు ఉంది. గుర్రాల రక్తం నుంచి తీస్తారు, ఇందాక చెప్పిన ఆ నాలుగు పాముల విషానికీ ఒకటే మందు, పెద్దాసుపత్రిలో దొరుకుతుంది. అయితే 108కు ఫోను చేయడానికి ముందు మంత్రగాడికి కబురు పెట్టడం మా వైపు ఆచారం. ఆయన ఖ్యాతికి కారణం ఉంది. కరిచిన పాముల్లో చాలావాటికి విషమే ఉండదు, ఉన్నది కూడా ఒక్కోసారి విషం దించకుండానే కరుస్తుంది. అలా బతికినవాళ్లందరూ మంత్రం లెక్కలో పడతారు. చనిపోయినవాళ్లు మాత్రం ఆసుపత్రి లెక్కలో పడతారు. ఏ ఆటలోనూ ఇంత సుఖమైన స్కోరు పట్టిక నేను చూడలేదు.

ఈ మాటలన్నీ మేనల్లుడికి చెప్పాను. వాడు శ్రద్ధగా విని, "మామయ్యా, మీరు ఆడితే బాగుంటుంది, మీకు నిబంధనలు బాగా తెలుసు" అన్నాడు. కంపలోకి వెళ్లే ఉద్దేశం ఇద్దరికీ లేదు. పళ్లేన్ని అక్కడే వదిలేశాం. నాలుగు రోజుల తర్వాత వాడు విమానం ఎక్కాడు. బుట్టను మాత్రం నాకు అప్పగించి వెళ్లాడు, ఇప్పుడు అందులో నిమ్మకాయలు వేస్తున్నాం.

మొన్న తోటకు వెళ్తే కాపలా పెద్దాయన గుడిసె ముందు మంచినీళ్ల కుండ మీద ఎర్రటి మూత కనిపించింది. జానెడు వెడల్పు, అంచు నున్నగా, కొలిచి చేయించినట్లు సరిగ్గా సరిపోయింది. పైన కోరలు చాపిన పాము బొమ్మ.

"ఇది ఎక్కడిది పెద్దాయనా?"

"కంపలోదే అయ్యా. మీరు వెళ్లినాక తీశాను."

"భయం వేయలేదా?"

"కర్ర కొట్టుకుంటూ వెళ్లాను." ఆయన మూత తీసి నాకు నీళ్లిచ్చి, మళ్లీ జాగ్రత్తగా మూసి, కాసేపు ఆగి అడిగాడు: "అబ్బాయి మళ్లీ ఎప్పుడు వస్తాడయ్యా? లోపల ఇంకో కుండ ఉంది."