మా గల్లీల పగులు లోయ

రాత్రి వాన తగ్గినంక హన్మకొండల మా గల్లీ మలుపు కాడికి పాల ప్యాకెట్ కోసం పోయిన. తొమ్మిదో తరగతి బిడ్డ తోడొచ్చింది. తెల్లారితే సోషల్ పరీక్ష. తొవ్వ పొడుగూత లోయల పాఠం అప్పజెప్పుతనే ఉన్నది. వాపసొస్తుంటే ఒక నీళ్లగుంట. చీలమండ లోతే అనుకుని అడుగేసిన. నడుముల దాక దిగవడ్డ.

పాల ప్యాకెట్ మాత్రం తడువనియ్యలే. బతుకమ్మను సాగనంప చెరువుల దిగినోని లెక్క నెత్తి మీద ఎత్తి పట్టుకున్న. రెండు పక్కల సీసీ రోడ్డు అంచు నిట్టనిలువుగ ఉన్నది. పరువు దక్కిచ్చుకుందామని, "అగాధదరి అంటే గిదే బిడ్డా, గ్రాండ్ కాన్యన్ లెక్క" అన్న.

"కాదు బాపూ" అని గొడుగు సర్దుకున్నది. చెయ్యి ఇయ్యలే, గొడుగు సర్దుకున్నది. "కొలరాడో నది 50, 60 లక్షల ఏండ్ల సంది గట్టి రాయిని కోస్తున్నది. ఆడ వానలు తక్కువ, అందుకే గోడలు నిలువుగ నిలవడ్డయ్. వానలు మంచిగ పడే కాడ ఒడ్లు జారి వీ ఆకారం అయితది. హిమానీనదం, గదే మంచుగడ్డల నది, జరుక్కుంట అడుగును, ఒడ్లను గీకితే యూ ఆకారం. నీ కాళ్ల కింద వెడల్పుగున్నదా?"

కాలుతోటి తడిమి చూసిన. నిజంగనే తడిమిన! ఒక చెప్పు లేదు.

"అయితే ఇది పగులు లోయ" అని తేల్చింది. రెండు భ్రంశాల నడుమ, అంటే భూమి పగిలి జరిగిన గీతల నడుమ, నేల కుంగితే వచ్చేదట. కాదనలేకపోయిన. ఎండకాలం పైపులైనోళ్లు వచ్చి కట్టర్‌తోటి రెండు గీతలు కోసిండ్రు, నడుమ తవ్విండ్రు, వట్టి మన్ను కుమ్మరిచ్చి పోయిండ్రు. నీళ్లు కొట్టింది లేదు, దిమ్మిస కొట్టింది లేదు. భూమాతకు లక్షల ఏండ్లు పట్టే పని వీళ్లకు ఒక్క బిల్లుల అయిపోయింది.

గప్పుడే ఎదురింటి పెద్దమనిషి కిటికీ తెరిచిండు. సింగరేణిల చేసి రిటైరైనోడు. "ఏం సారూ, బొగ్గు తగిలిందా?" అన్నడు. నేను నవ్వలే. ఆయన ఆగలే. "గోదారి లోయ గూడ గిట్లనే కుంగింది. ఆ కుంగిన కాడ అడవులు పూడుకపోయే భూపాలపల్లి బొగ్గయింది" అని మొదలువెట్టిండు. బిడ్డ ఆడనే నిలవడి నోట్సు రాసుకున్నది. నా చేతులు గుంజుతున్నయ్, పాలు నెత్తి మీదనే ఉన్నయ్.

ఎట్ల పైకొచ్చిన్నో అడగొద్దు. కార్పొరేషన్ ఆఫీసుకు ఫోన్ చేస్తే "ఎవరన్న పడ్డరా?" అన్నరు. నేనే అన్న. "ఇంక వేరే ఎవరన్న?" అన్నరు.

పొద్దుగాల చూస్తే గుంతల వేప కొమ్మ పాతి ఉన్నది. దాని కొసకు నా చెప్పు.