ఎర్ర బకెట్లో చీటీలు

మొన్న ఇక్కడ కువైట్‌లో మన సంఘం ఉగాది కార్యక్రమంలో స్టేజీ మీద ఒక ఎర్ర ప్లాస్టిక్ బకెట్ పెట్టారు. స్నానాల గదిలో ఉండేదే. కొత్తగా కొన్నది, ధర స్టిక్కర్ కూడా పీకలేదు. బతికుండగా చేసి తీరాలనుకున్న పనులు చీటీల మీద రాసి అందులో వేయండని మన కమిటీ కుర్రాళ్లు మైకులో చెప్పారు. నా పక్క కుర్చీలో ఉన్న రాజంపేట పెద్దాయన చెవి దగ్గరికొచ్చి, "బకెట్ తన్నేసే లోపల చేసేటివి కాబట్టి బకెట్ లిస్టా అప్పా?" అన్నాడు. ఆయన తమాషాకే అన్నాడు గానీ ఆ పేరు పుట్టింది అక్కడి నుంచే. ఇంగ్లీషు వాళ్లకు బకెట్ తన్నడమంటే పోవడం. ఆ తన్నడం మన మాటల్లోకి ఎప్పుడో వచ్చేసింది, జాబితా రాసుకోవడం మాత్రం ఈమధ్యే వచ్చింది.

చీటీలన్నీ చదివి పత్రికకు నాలుగు ముక్కలు రాసే పని నాకు అంటగట్టారు. శుక్రవారం పొద్దున టీ పెట్టుకుని అన్నీ చాప మీద పరిచాను. స్విట్జర్లాండు చాలాసార్లు వచ్చింది. ధ్రువాల దగ్గర ఆకాశంలో పచ్చగా వెలుగులు కనిపిస్తాయే, అవి నలుగురైదుగురికి కావాలి. విమానంలోంచి పారాచూట్‌తో దూకాలని ఒకాయన రాశాడు. దాని కిందే వేరే చేతిరాతతో 'ముందు ఇన్సూరెన్స్ కట్టు' అని ఉంది, భార్యే అయ్యుంటుంది. మిగతావన్నీ మనకు తెలిసినవే. ఊళ్లో ఇల్లు, పాపకు మెడిసిన్ సీటు, అమ్మానాన్నలకు కాశీ.

ఎవరి కోరికనూ నేను ఎగతాళి చేయను. రెండేళ్ల కింద అడిగి ఉంటే నేనూ స్విట్జర్లాండే రాసేవాణ్ణి. నాకు విసుగు తెప్పించింది ఆ కోరికల వెనక తగిలించిన తోక. లోను తీరాక. పాప పెళ్లయ్యాక. పూర్తిగా ఊరికి వెళ్లిపోయాక. మన కువైట్ వాళ్ల క్యాలెండర్లో పన్నెండు నెలలు కాక పదమూడోది ఒకటుంది, దాని పేరు 'అయ్యాక'.

మాది ప్రొద్దుటూరు. మా నాయన ఆర్టీసీలో కండక్టరు, జమ్మలమడుగు డిపో. సర్వీసులో చాలా ఏళ్లు గండికోట బస్సుకు డ్యూటీ చేశాడు. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు, అంతే. పెన్నానది ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుంటూ పోయిన లోయ ఉంది కదా, ఇప్పుడు అందరూ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకునేది, అది కోట లోపల మసీదు, ధాన్యాగారం దాటాక వస్తుంది. బస్సు ఆగే చోటి నుంచి పావుగంట నడక ఉంటుందేమో. అన్నేళ్లలో మా నాయన ఆ లోయను ఒక్కసారి కూడా చూడలేదని నాకు నలభై దాటాక తెలిసింది.

నమ్మలేక మళ్లీ అడిగాను.

"బస్సు తిప్పుకోని రావాల గదరా. ఉండేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లోనే లెక్క రాసుకోవాల, ఒక బీడీ తాగాల. లోయ యాడికి పోతాదిలే అనుకున్యా" అన్నాడు.

లోయ యాడికీ పోలేదు. మా నాయన మోకాళ్లు పోయాయి.

పోయిన డిసెంబర్ సెలవులో కారు మాట్లాడుకుని తీసుకెళ్లాను. కోట గుమ్మం దాటగానే ఆయనకు హుషారొచ్చింది. ఇక్కడ ఫలానా అవ్వ చెనిక్కాయల మూట దించేది, లగేజీ టికెట్ తీసుకోమంటే శాపనార్థాలు పెట్టేది, అక్కడ డ్రైవరు రివర్స్ చేస్తూ ఒకసారి గోడకు ఆనించాడు, ఇలా చెబుతూనే ఉన్నాడు. ఆ కోటను ఏలిన పెమ్మసాని నాయకుల కథ ఆయనకు పట్టలేదు, బస్సు కథే. జామియా మసీదు దాకా బాగానే నడిచాడు. అది దాటి కాస్త ముందుకు పోతే ఇంక దారి ఉండదు, అన్నీ బండలే. ఒక రాతి మీద నుంచి ఇంకో రాతి మీదికి కాలు వేసుకుంటూ పోవాలి. బెంగళూరు నుంచి వచ్చిన పిల్లలు మేకపిల్లల్లా దూకుతున్నారు. నాయన మొదటి బండ దగ్గర ఆగాడు. చేతికర్రతో దాన్ని రెండుసార్లు తట్టాడు, బస్సు రేకును తట్టి ఆపినట్టు.

"నువ్వు పోయి చూసి రారా. నేనీడ కూచుంటా."

పోయి వీడియో తీసుకొచ్చి చూపించాను. ఎండకు స్క్రీను కనపడలేదు. తువ్వాలు తల మీదుగా కప్పుకుని, పాతకాలం ఫొటో స్టూడియో వాడిలాగ లోపల ఫోను పెట్టుకుని చూశాడు. చాలాసేపే చూశాడు. "బాగుంది" అన్నాడు. తువ్వాలు తీశాక, "ఈడికి ఎంత దూరముంటాదిరా అది?" అని అడిగాడు. మూడొందల అడుగులు కూడా ఉండదన్నాను. "ఓహో" అన్నాడు. తిరిగి కారు దాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

అప్పటి నుంచి నాకొక మొండి అభిప్రాయం ఏర్పడిపోయింది. మనం జాబితాను డబ్బును బట్టో దూరాన్ని బట్టో రాసుకుంటాం, రాసుకోవాల్సింది మోకాళ్లను బట్టి. అదీ మనవే కాదు, మనతో రావాల్సిన వాళ్ల మోకాళ్లను బట్టి. స్విట్జర్లాండులో మంచు కొండ మీదికి రైలుంది, డెబ్బై ఏళ్లకు పోయినా సీట్లో కూర్చోబెట్టి తీసుకుపోతారు. అహోబిలంలో జ్వాలా నరసింహుడి దగ్గరికి రైలు లేదు. బేలం గుహల సంగతీ అంతే. మొత్తం 3,229 మీటర్ల గుహలో ఒకటిన్నర కిలోమీటరు దాకా మనల్ని తిరగనిస్తారు, కానీ మెట్లు దిగాలి, కొన్నిచోట్ల వంగి నడవాలి, లోపల ఉక్కకు చొక్కా పిండుకోవచ్చు. 2002లో జనానికి తెరిచారు. అప్పటి నుంచీ వాయిదా వేస్తూ వచ్చిన నాకు ఇప్పుడు నా నడుమే గుర్తొస్తోంది.

అహోబిలం అంటే మా అమ్మ కథ చెప్పాలి. చీటీల్లో అమ్మానాన్నలకు కాశీ అని రాసిన వాళ్లలో ఎంతమంది వాళ్లనడిగి రాశారో నాకు అనుమానమే. మా అమ్మకు కాశీ మీద పెద్ద మోజు లేదు. తొమ్మిది నరసింహులనూ చూడాలి, అదీ కోరిక. యోగానంద, ఛత్రవట, ఎగువకు పోయే దారిలో కారంజ, ఎగువన గుహలో ఉన్న స్వామి, ఈ నలుగురూ బస్సుల పుణ్యాన, ఆటోల పుణ్యాన అయ్యారు. మిగిలిన ఐదుగురూ కాలినడక దేవుళ్లు. భార్గవ, వరాహ, మాలోల, జ్వాల, పావన. అమ్మ నన్ను మొదటిసారి అడిగినప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం, ఆమెకు నిండా నలభై లేవు. పరీక్షలయ్యాక పోదామన్నాను. చూశారు కదా, నేనూ ఆ పదమూడో నెలలోనే వేశాను. ఈసారి డోలీ మాట్లాడతానమ్మా అంటే ఒప్పుకోలేదు.

"నలుగురు మోసుకోని పోయేది ఒగసారి చాలు లేరా. దానికింకా టైముండాది."

దీనికి ఏం జవాబు చెప్పాలో ఎవరికైనా తెలిస్తే వచ్చే సంచికలో రాయండి.

మనుషులే కాదు, ఊళ్లు కూడా మన కోసం ఆగవు. ఇక్కడ సాల్మియాలో నాతో ఆరేళ్లు ఒకే రూములో ఉన్న మిత్రుడిది తాళ్లప్రొద్దుటూరు. ఊళ్లో వాళ్ల తాత నాటిన చింతచెట్టు కింద రాతి అరుగు కట్టించి, సాయంత్రాలు దాని మీద కాళ్లు చాపుకుని కూర్చోవాలని వాడి ఆశ. ఖర్చేమీ లేదు, ఒక మేస్త్రీ, రెండు రోజుల పని. గండికోట జలాశయం పూర్తి సామర్థ్యం 26.85 టీఎంసీలు. అందులో నీళ్లు నింపుకుంటూ పోతే 2020లో ఆ ఊరు మునిగింది. ఇంటికి, చెట్టుకు పరిహారం లెక్క కట్టారు. అరుగుకు కట్టలేదు, ఎందుకంటే వాడు అరుగు ఇంకా కట్టలేదు.

నీళ్లు రావడం తప్పని నేననను. సీమలో పుట్టినవాడెవడూ అనడు. మన తాతల బకెట్లో మొదటి చీటీ ఆ నీళ్లే కదా. 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఇంట్లో కోస్తా, సీమ నాయకులు కూర్చుని రాసుకున్న శ్రీబాగ్ ఒప్పందం ఒకసారి చదివి చూడండి, అదీ ఇలాంటి జాబితాయే. కృష్ణ, తుంగభద్ర, పెన్నా నీళ్లలో సీమకు ముందు వాటా, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, రాజధానో హైకోర్టో ఏదో ఒకటి. అందులో ఏవి తీరాయి, ఏవి తీరలేదు అని మొదలుపెడితే ఈ పత్రిక చాలదు, మన సంఘంలో స్నేహాలూ మిగలవు.

మా అవ్వకూ ఒకటుండేది. ప్రొద్దుటూరులో రైలెక్కి నంద్యాల పోవాలి, వాళ్ల చెల్లెలిని చూడాలి. నంద్యాల, ఎర్రగుంట్ల మధ్య లైను 1996–97లో మంజూరైంది. సర్వే రాళ్లు పాతారు, మట్టికట్ట పోశారు, దాని మీద మేకలు మేశాయి. అవ్వ ప్రతి ఎండాకాలం "ఈసారి వస్తాదంటనా?" అని అడిగేది. రైలు 2016లో వచ్చింది, అప్పటికి అవ్వ లేదు, నంద్యాల చెల్లెలూ లేదు. ఇలాంటి కోరికలు మన చేతుల్లో ఉండవు, ఏ బడ్జెట్టో కరుణించాలి. మన చేతుల్లో ఉన్న వాటిని కూడా తీసుకెళ్లి ఆ వరసలోనే నిలబెట్టడం నాకు నచ్చదు.

మాటలు సులువే, సెలవేదీ అంటారు. నిజమే. ఏడాదికి ముప్పై రోజులు. చెన్నైలో దిగి రాయచోటికో ప్రొద్దుటూరుకో కారులో చేరేసరికి ఒక రోజు. పెళ్లిళ్లు, పరామర్శలు ఒక వారం. బ్యాంకు, రిజిస్ట్రార్ ఆఫీసు, ఆధార్‌లో తప్పుపడిన పేరు ఇంకో వారం. మిగిలింది కొత్తింటికి. మోటారు కాలిపోయి ఉంటుంది, మేడ మీద గదిలో చెమ్మ దిగి ఉంటుంది. కువైట్ డబ్బుతో కట్టి, తాళం వేసి, పక్కింటివాళ్లకు చెవులిచ్చి వచ్చిన ఇళ్లు మన వైపు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఇల్లెందుకు కట్టారని నేనడగను. అద్దె ఇంట్లో, ఓనరు నీళ్ల మోటారు ఎప్పుడు వేస్తాడా అని బిందెలతో కూర్చుని పెరిగినవాణ్ణి, ఆ కోరిక ఎంత గట్టిదో తెలుసు. నేను చెప్పేది చిన్న సంగతి. ఆ ముప్పై రోజుల్లో ఒక రోజు పెద్దవాళ్లకు పెట్టండి. దిగిన మొదటి వారంలోనే పెట్టండి. చివరి వారానికి వదిలితే ఆ రోజును ఊరగాయల ప్యాకింగు, పెట్టె తూకం మింగేస్తాయి. ఎక్కడికి పోదామో మాత్రం వాళ్లనే అడగండి. సినిమాకు అన్నా సరే, చెల్లెలింటికి అన్నా సరే.

ఇంక ఒక చీటీ మిగిలింది. పెన్సిల్‌తో, పెద్దపెద్ద అక్షరాలతో, 'పదో తరగతి పాసు కావల్ల' అని. కింద '2028 మార్చి' అని ఉంది. అన్ని చీటీల్లో తేదీ వేసింది అదొక్కటే. రాసినామె మన సంఘం వంటల దగ్గర ఎప్పుడూ కనిపించే మనిషే, ఒక ఇంట్లో పని చేస్తుంది. అడిగి, ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

పది పాస్ కాని వాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ తప్పనిసరి) కిందకి వస్తుంది, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ లేకుండా కువైట్ లాంటి 18 దేశాలకు పనికి పోనివ్వరు. దానికోసమేమో అనుకున్నాను. "వచ్చేసి పదేండ్లాయ గదన్నా, ఇంగ దాంతో ఏం పని" అని నవ్వింది. కూతురు వీడియో కాల్‌లో లెక్కలు అడిగితే చెప్పలేకపోతోందట. మరి అంత దూరం తేదీ ఎందుకు వేశావంటే లెక్క చెప్పింది. ఓపెన్ స్కూలు పది పరీక్షలు మార్చిలో వస్తాయి. రంజాన్ నెల్లో ఇంటివాళ్లు ససేమిరా సెలవివ్వరు, పని అప్పుడే ఎక్కువ. ఈమధ్య రంజాన్, పరీక్షలు రెండూ మార్చి చుట్టూనే తిరుగుతున్నాయి. అయితే రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది.

"2028కి జనవరి ఆకర్లోనే మొదలవుతాదంటన్నా. ఫిబ్రవరిలో పండగ అయిపోతే మేడమ్‌కు చెప్పి టికెట్ తీస్సా. పాప కూడా అప్పటికి పదికొస్తాది."

పుస్తకాలు తెప్పించుకుంది, సోషల్ ఒక్కటే రాలేదు. కడప, రాయచోటి వైపు నుంచి వచ్చే నెలలో వచ్చేవాళ్లెవరైనా ఉంటే కమిటీకి ఫోన్ చేయండి. పుస్తకం బరువు కిలో కూడా ఉండదు.